మన మీదికి ఎక్కుపెట్టిన తుపాకీ

ఇక్కడ డాలస్‌లో ఈ మధ్య ఒక కుర్రాడి కోసం చందాలు పోగుచేశాం. చదువుకోవడానికి వచ్చి రాత్రిపూట గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తున్నవాడు. ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. పేరూ ఊరూ మారుతుంటాయి గానీ, ఇక్కడి తెలుగువాళ్లం మళ్లీ మళ్లీ వింటున్న కబురే. శవాన్ని హైదరాబాద్ పంపడానికి ఎంతవుతుంది, కాన్సులేట్ కాగితాల పని ఎవరు చూస్తారు, తల్లిదండ్రులతో ఎవరు మాట్లాడతారు అని ఒకరింట్లో కూర్చుని పనులు పంచుకుంటున్నాం. నేను చెక్కు రాస్తుంటే ఒక పెద్దాయన, మర్యాదగానే, "తుపాకులు కొని దాచుకునేవాళ్లు కూడా ఇస్తున్నారండీ, మంచిదే" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆయన్ని ఆపనూ లేదు. అది వాదించుకునే చోటు కాదు కాబట్టి చెక్కు ఇచ్చేసి వచ్చేశాను. కానీ ఆయన అన్నది కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నా దగ్గర ఏమున్నాయో చెబుతాను. కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లో తయారైన రైఫిళ్లు రెండు, వెబ్లీ రివాల్వర్ ఒకటి. తుపాకులు అమ్మే గన్ షోలకు వచ్చేవాళ్లెవరూ దీన్ని కలెక్షన్ అని కూడా అనరు. అక్కడ పరిచయమైన ఒక రిటైర్డ్ ట్రక్కు డ్రైవర్ ఇంట్లో రష్యా మోసిన్ నాగంట్ రైఫిళ్లే గోడ నిండా ఉన్నాయి, ఏడాదికొకటి, ఫ్యాక్టరీకొకటి చొప్పున. నాది ఒకటే నియమం. మన దేశంలో తయారైనదో, మన దేశం మీద వాడినదో అయ్యుండాలి. ఏఆర్-15 లాంటి కొత్త సెమీ ఆటోమేటిక్‌ల జోలికి నేను పోలేదు, పోను.

ఇలాంటి పాత తుపాకుల్ని ఎవరో ఒకరు దాచాలి, దాచేవాళ్లలో మనవాళ్లూ ఉండాలి, దాచినవాడు వాటికి మెరుగు పెట్టకూడదు, మార్చకూడదు. ఇదీ నా అభిప్రాయం. ఇందులో మొదటి మాటకి చాలామంది అడ్డం తిరుగుతారు. చివరి మాటకి తుపాకులు సేకరించే కలెక్టర్లలోనే సగంమంది అడ్డం తిరుగుతారు.

ఆ చెక్క ముక్క

నా రైఫిళ్లలో పాతదాన్ని దూరం నుంచి చూస్తే మామూలు త్రీ నాట్ త్రీ (.303) అనుకుంటారు. ఎన్‌సీసీ చేసినవాళ్లకి, మన పోలీసుల భుజాన చూసినవాళ్లకి ఆ పొట్టి ముక్కు, ఆ నల్ల కర్ర చూడగానే గుర్తుకొస్తాయి. బోల్టు వెనక్కి లాగితేనే తేడా తెలుస్తుంది. తూటాలు పేర్చుకునే మ్యాగజీన్ ఉండాల్సిన చోట చెక్క ముక్క బిగించి ఉంటుంది. వేలు పెట్టి చూస్తే రంపం గీతలు ఇంకా తగులుతాయి. నున్నగా చెయ్యాలని కూడా ఎవరూ అనుకోలేదు. గొట్టంలోకి దీపం పట్టి చూస్తే గుండుకి మెలిక ఇచ్చే గాడులు లేవు. రైఫిల్ ఆకారంలో ఉన్న నాటు తుపాకీ అన్నమాట. ఒక్కసారి పేల్చాక మళ్లీ జేబులోంచి ఇంకో తూటా తీసి పెట్టుకోవాల్సిందే.

దీన్ని .410 మస్కెట్ అంటారు. సైన్యానికి చేసిన .303లనే ఇషాపూర్‌లో ఇలా మార్చి పోలీసులకీ జైలు కాపలావాళ్లకీ ఇచ్చారు. తూటా కూడా వేరే. .303 తూటా గొట్టానికే మెడ దగ్గర నొక్కు లేకుండా చేసినది. జనం గానీ, తిరగబడ్డ కానిస్టేబుల్ గానీ ఈ తుపాకీ ఎత్తుకుపోయినా సైన్యం తూటాలు ఇందులో పనిచెయ్యకూడదన్నదే ఆ ఏర్పాటుకు కారణమని చెబుతారు.

ఇది కొత్త తెలివేం కాదు. 1857 తరవాత బ్రిటిష్ వాళ్లు సిపాయిల చేతికి గాడులు లేని ఎన్‌ఫీల్డు తుపాకులు ఇచ్చారు, దాన్నే 1858 ప్యాట్రన్ అంటారు. తెల్ల సోల్జర్ తుపాకీ ఎక్కువ దూరం గురిగా కొడుతుంది, నల్ల సిపాయి తుపాకీ కొట్టదు. ఫిరంగుల దగ్గరికైతే మనవాళ్లని దాదాపు రానివ్వనే లేదు. ఎదురుగా నిలబడ్డ జనాన్ని నమ్మకపోవడం సరే, తుపాకీ ఇచ్చి ఆ జనం మీదికి పంపిన మనిషినీ నమ్మలేదు. ఆ చెక్క ముక్క పనల్లా అదే. వలస పాలన గురించి నేను చదివిన పుస్తకాల్లో ఉన్నదంతా ఆ రంపం గీతల మీద వేలు పెడితే నాకు అర్థమైంది అంటే అతిశయోక్తి అనుకోండి, ఫర్వాలేదు.

దాని మెడ మీద కిరీటం, కిందే జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు, 1942 అని సంవత్సరం. రాజు, చక్రవర్తి అయిన జార్జి అని లాటిన్లో పొడి అక్షరాలు. 1942 ఆగస్టులో మన ఊళ్లలో ఏం జరిగిందో మీకు తెలుసు. తెనాలిలో కాల్పులు జరిగిన సంగతి మా గుంటూరు వైపు వాళ్లెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నా దగ్గరున్న తుపాకీ అక్కడికి వెళ్లిందని నేను అనడం లేదు. వెళ్లిందో లేదో చెప్పే కాగితం ఏదీ దీనితో రాలేదు. ఇలాంటి పనికే దీన్ని చేశారన్నది మాత్రం దాని ఒంటి మీదే రాసుంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మన్యం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి అల్లూరి సీతారామరాజు దళం పట్టుకెళ్లినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. మన ఊహలో రామరాజు చేతిలో విల్లే ఉంటుంది, బొమ్మలూ అలాగే వేస్తాం. కానీ ఆయన మొదటి ఎత్తు పోలీసు తుపాకుల మీదే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు పడిపోయింది అలా చిక్కిన తుపాకులకే. ఇచ్చినవాళ్ల మీదికే తిరిగే గుణం తుపాకీకి ఉందని వాళ్లకి 1857లోనే తెలుసు. మస్కెట్టుకి చెక్క ముక్క బిగించింది ఆ భయమే.

ముద్ర మారింది, తుపాకీ మారలేదు

ఇషాపూర్ కలకత్తా పక్కన, హుగ్లీ ఒడ్డున ఉంటుంది. కంపెనీ రోజుల్లో అక్కడ మందుగుండు ఫ్యాక్టరీ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైఫిల్ ఫ్యాక్టరీ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే షెడ్లలో అదే .303 చేస్తూ వచ్చారు. మారిందల్లా ముద్ర. కిరీటం పోయి మూడు సింహాలు వచ్చాయి. ఒక గన్ షోలో కిరీటం ఉన్నదీ సింహాలు ఉన్నదీ ఒకే బల్ల మీద పక్కపక్కన కనిపించాయి. ముద్ర తప్ప తేడా వెతికినా దొరకలేదు. అధికారం చేతులు మారడం ఎలా ఉంటుందో అంత బాగా నాకెవరూ చూపించలేదు.

ఈ తుపాకీ బతుకే విచిత్రం. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో 50 మంది చేత 1650 తూటాలు కాల్పించింది .303తోనే. కాల్చమన్నది డయ్యర్, కాల్చినవాళ్లు గూర్ఖాలు, బలూచీలు, మన ఉపఖండంవాళ్లే. అదే తుపాకీతో మనవాళ్లు ఆఫ్రికా ఎడారిలో జర్మన్లతో, బర్మా అడవుల్లో జపాన్ వాళ్లతో పోరాడారు. అదే తుపాకీతో 1962లో చలికోట్లు కూడా సరిగ్గా లేకుండా చైనా ఆటోమేటిక్‌ల ముందు నిలబడ్డారు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47లతో వచ్చినవాళ్లకి ఎదురు కాల్చిన రైల్వే పోలీసుల చేతిలోనూ అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే పెరేడ్‌లో. వందేళ్లలో అది ఎవరివైపు ఉంది అని అడిగితే ఏం చెబుతాం? ఎవరు మోస్తే వాళ్లవైపు అనడం సులువే గానీ, నిజం అది కూడా కాదు. మోసినవాడికి ఎటు కాల్చాలో ఎన్నుకునే హక్కు ఎప్పుడూ లేదు.

నా రెండో రైఫిల్ ఆ 1962 ఓటమి బిడ్డ. 2ఏ1 అంటారు. సైన్యానికి కొత్త 7.62 ఎం.ఎం. తుపాకులు సరిపడా చేసేలోపు పని గడవడానికి, పాత .303 అచ్చునే మంచి ఉక్కుతో 7.62 తూటాకి తయారుచేశారు. పాత తుపాకీనే మార్చిందని ఇక్కడ గన్ షోల్లో బల్ల వెనక కూర్చున్నవాళ్లు ధీమాగా చెబుతుంటారు. కాదు, కొత్తగా చేసిందే. పాత .303 మీద 2000 గజాల దాకా గురి గుర్తులుంటే దీని మీద 800 మీటర్లకే ఆపేశారు. రెండు వేల గజాల నుంచి మామూలు సిపాయి ఎవర్నీ కొట్టలేడని ఒప్పుకోవడానికి అరవై ఏళ్లు పట్టిందన్నమాట. ఒకప్పుడు ఇవి అమెరికాలో వంద డాలర్లకి అటూ ఇటూగా పీపాల్లో నిలబెట్టి అమ్మేవాళ్లట. నేను వచ్చేసరికి ఆ రోజులు పోయాయి.

బాగుచేసి పాడుచెయ్యడం

ఇప్పుడు మెరుగు సంగతి. నా .410 చూసిన తుపాకీ మెకానిక్ చాలా మంచివాడు. చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఆ కర్ర గీకి, నూనె పట్టించి, లోహానికి నీలం రంగు వేయించు, వాకిలి గదిలో పెట్టుకోవచ్చు. తూటా కూర్చునే చాంబర్ కూడా కాస్త వెడల్పు చేస్తే వాల్‌మార్ట్‌లో దొరికే .410 షెల్స్ పడతాయి" అన్నాడు. మామూలు .410 షెల్స్ ఇందులో సరిగ్గా కూర్చోవు, చాంబర్ ఆ పాత పోలీసు తూటా కొలతకి ఉంది మరి. ఇక్కడికి వచ్చినవాటిలో చాలా వాటికి ఈ మార్పు చేసేశారు. అంటే జనం దొంగిలించినా పనికిరాకూడదని ఎవరో బుర్ర పెట్టి చేసిన ఏర్పాటుని, ఆదివారం పూట కుందేళ్లు కొట్టుకోవడానికి చెరిపేశారు. వద్దన్నాను. "అయితే మరి దీన్ని కాల్చవా?" అన్నాడు. కాల్చను. "అలాంటప్పుడు ఎందుకు?" అన్నాడు. నా భార్యదీ అదే ప్రశ్న. కాకపోతే ఆవిడ అడిగే తీరు వేరు.

రివాల్వర్లకి జరిగింది ఇంకా ఘోరం. బ్రిటిష్ ఆఫీసర్ల వెబ్లీ మార్క్ 6, 1915లో వచ్చిన ఆరు గుళ్ల రివాల్వర్. మెడ దగ్గర మీట నొక్కి ముందుకి విరిస్తే ఖాళీ తూటాలన్నీ ఒక్కసారే బయటికి తన్నేస్తుంది. దానికి .455 తూటా కావాలి. అమెరికాలో అది దొరకడం కష్టం, .45 ఏసీపీ అనే తూటా ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది. అందుకని వర్తకులు సిలిండర్ వెనకవైపు అరగదీసి .45 పట్టేలా చేసి అమ్మారు. .45 ఏసీపీ ఒత్తిడి ఆ పాత ఉక్కు తట్టుకోవాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. పేలిపోతుందని కాదు, పేలదన్న హామీ లేదు. నా వెబ్లీ కూడా అలా అరగదీసిందే. తెలిసే కొన్నాను, అరగదీయనిది నాకు అందే ధరలో లేదు. సూత్రాలు చెప్పేవాడి ఇంట్లో సూత్రం తప్పినది ఒకటి ఉండటం మంచిదే, నోరు కాస్త అదుపులో ఉంటుంది.

రంగు వేస్తే పోయేదేముంది అంటారు. పోయేది ఆ మనిషి. నా మస్కెట్ కర్ర మీద చెయ్యి పట్టుకునే చోట నలుపు తేలి నునుపైంది. భుజానికి ఆనించే బట్ మీద ఎవరో మేకుతో నంబరు చెక్కారు, 7 అంకె తిరగేసి పడింది. అది ఏ బియ్యే చదివిన ఆఫీసరూ చెక్కింది కాదు. జీతం రాళ్ల కోసం లాఠీ, మస్కెట్ మోసిన మనవాడెవడో, పక్కవాడి తుపాకీతో కలిసిపోకుండా గుర్తు పెట్టుకున్నాడు. శాండ్ పేపర్ తీసుకుంటే ఐదు నిమిషాల్లో పోతాడు.

కుంకుమ బొట్టు

అమ్మ ఇక్కడికి వచ్చిన ఏడాది దసరాకి ఆయుధ పూజ చేసింది. కార్లు, లాప్‌టాప్‌లు, నా డ్రిల్లింగ్ మెషిన్, వరసగా అన్నిటికీ బొట్లు. చివర్లో, "ఆ తుపాకులు కూడా తీసుకురా నాన్నా" అంది. నాకు రెండు భయాలు. తడి పసుపు ఉక్కు మీద పడితే తెల్లారేసరికి తుప్పు. రెండోది తుప్పు కన్నా లోతైనది. తెల్లదొర మనవాళ్ల మీదికి పంపిన తుపాకీకి మా అమ్మ కుంకుమ పెట్టడమా?

"అమ్మా, ఇది మన ఆయుధం కాదు, మనల్ని కొట్టడానికి చేసింది" అన్నాను. ఆవిడ దాన్ని కాసేపు చూసింది. "ఇప్పుడు ఎవరింట్లో ఉంది?" అంది. కర్ర మీద పొడి కుంకుమ మాత్రం పెట్టనిచ్చాను, ఉక్కు జోలికి పోనివ్వలేదు. అప్పుడు ఆ జవాబు నాకు తెగ నచ్చింది. తరవాత తరవాత అంత నచ్చడం లేదు. మన ఇంటికి వచ్చినంత మాత్రాన మనదైపోతుందా? కిరీటం మీద సింహాలు కొట్టినంత తేలిగ్గా? పూజ చేసి లోపల పెట్టేస్తే అది ఎవర్ని కొట్టిందో మర్చిపోవడం ఇంకా సులువు. మన ఊళ్లలో పాత ఆయుధాలకి రెండే గతులు: పూజో, పాత సామానో. చదవడం అన్న మూడో దారి లేదు.

పెద్దాయన మాటకి జవాబు

ఇక ఆ పెద్దాయన. ఆయన తరఫు వాదన నేనే ఆయనకన్నా గట్టిగా చెప్పగలను. 2023 మే 6న ఇక్కడికి దగ్గర్లోనే అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపాడు ఒకడు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఉంది. మేమందరం షాపింగ్‌కి వెళ్లే మాల్ అది. అంతకు ముందు ఏడాది యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఇలాంటి రాష్ట్రంలో ఉంటూ తుపాకులు ఏరుకోవడం ఏం సరదా?

కలెక్టర్ల దగ్గర రెడీగా ఒక జవాబు ఉంటుంది. "అవన్నీ కొత్త ఆటోమేటిక్ తరహావి, మావి మ్యూజియం ముక్కలు, పాత తుపాకులతో ఎవడూ హత్యలు చెయ్యడు" అని. ఈ మాట డాలస్‌లో ఉన్నవాడు అనకూడదు. ఊళ్లోకి వచ్చిన ప్రతి చుట్టాన్నీ మేం డీలీ ప్లాజాకి తీసుకెళ్తాం. రోడ్డు మీద అధ్యక్షుడు కెనడీకి గుండు తగిలిన చోట ఉన్న ఆ ఎక్స్ గుర్తు దగ్గర ఫొటోలు తీయిస్తాం. ఆయన్ని చంపిన ఆస్వాల్డ్ వాడింది ఇటలీ సైన్యం అమ్మేసిన పాత కార్కానో రైఫిల్. పేరు మార్చుకుని చికాగో నుంచి పోస్టులో తెప్పించుకున్నాడు, టెలిస్కోపు, పోస్టు ఖర్చులతో కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. ఆ తరవాత కాసేపటికి టిప్పిట్ అనే పోలీసుని చంపిన రివాల్వర్ కూడా యుద్ధ కాలపు స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడలే. బ్రిటన్ కోసం చేసినది, గొట్టం కోసి పొట్టి చేసి, చాంబర్ వేరే తూటాకి మార్చి పోస్టులో అమ్మినది. రెండూ మిలిటరీ సర్‌ప్లసే, అంటే సైన్యాలు వదిలించుకున్న సరుకే. నా సరదాకి ఇంతకన్నా పెద్ద అభియోగపత్రం ఎవరూ రాయలేరు.

ఆ హత్యలు, తరవాత 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ హత్యలు, వీటన్నిటి ఫలితంగా అదే ఏడాది వచ్చిన చట్టం పోస్టులో తుపాకుల అమ్మకాన్నీ, విదేశీ సైన్యాల పాత తుపాకుల దిగుమతినీ ఆపేసింది. ఏళ్ల తరబడి దాని వెనక పడ్డ సెనేటర్ థామస్ డాడ్‌ది కోల్ట్ లాంటి కంపెనీలున్న కనెక్టికట్. చౌక దిగుమతులు ఆగితే ఆ కంపెనీలకి కష్టమేమీ లేదు లెండి. 1980ల మధ్యలో కలెక్టర్ల కోసం ఆ తలుపు మళ్లీ తెరిచారు. ఇప్పుడు 50 ఏళ్లు దాటి, మార్పులు చెయ్యకుండా ఉన్న తుపాకీ అయితే, 30 డాలర్లు కట్టి మూడేళ్ల కలెక్టర్ లైసెన్సు తీసుకున్నవాడి ఇంటికే పార్శిల్లో వస్తుంది. 1898 దాకా తయారైన వాటికి ఫెడరల్ చట్టంలో ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపులు తప్ప తుపాకీ కొనే వీల్లేదు. నేను కూడా గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాను. కలెక్టర్ లైసెన్సు ఉన్నవాడు ప్రతి కొనుగోలూ పుస్తకంలో రాయాలి. నేను రాస్తాను. కానీ మా టెక్సస్‌లో ఒక మామూలు మనిషి ఇంకో మామూలు మనిషికి తుపాకీ అమ్మితే ఏ చెకింగూ లేదు. గన్ షో పార్కింగ్‌లో చేతులు మారిపోతాయి. అలా ఉండకూడదని నేనంటే షోలో చాలామంది నాతో మాట మానేశారు. మానెయ్యనీ.

కాబట్టి పెద్దాయన మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నది సగం జవాబు. నా సేఫ్‌లో తుపాకులు ఉంటాయి, బోల్టులు వేరే చోట తాళంలో ఉంటాయి, ఇంట్లో ఒక్క తూటా ఉండదు. మా పిల్లలకి ఆ చెక్క ముక్క చూపించి కథ చెప్పాను గానీ గురి చూడటం నేర్పలేదు. ఆయన అడిగితే ఇంకో మాట కూడా చెప్పేవాణ్ని. తుపాకీ అంటే ముచ్చటపడేవాడు వేరు, తుపాకీని అనుమానంగా చూస్తూ దాచేవాడు వేరు అని. కానీ బయటి నుంచి చూసేవాళ్లకి ఆ ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఆయన తప్పేం లేదు.

ఇంటి దగ్గర

అసలు ఇవి ఇక్కడ, టెక్సస్‌లో నా సేఫ్‌లో ఉండటమే వింత. ఉండాల్సింది అక్కడ. మా పెద్ద తాతయ్యకి .32 వెబ్లీ రివాల్వర్ ఉండేది, లైసెన్సుతో. ఆయన దాన్ని ఎవరి మీదా పేల్చింది లేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ సంచిలో చుట్టి స్టేషన్‌లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం. ఒకసారి గొట్టంలో తుప్పుతో తిరిగొచ్చింది, ఆయన అన్నం సరిగ్గా తినలేదని అమ్మమ్మ చెప్పేది. ఆయన పోయాక లైసెన్సు మార్పించుకునే తిరుగుడు పడలేక మా మామయ్యలు దాన్ని సరెండర్ చేసేశారు. నంబరు కూడా ఎవరూ రాసిపెట్టుకోలేదు. కాన్పూర్‌లో ఇప్పటికీ చేస్తున్న .32 రివాల్వర్లు, ఆడవాళ్ల కోసమని 2014లో లక్షా ఇరవై వేల పైచిలుకు ధరతో తెచ్చిన నిర్భీక్‌తో సహా, ఆ వెబ్లీ వంశంలోవే. మూలపురుషుల్లో ఒకణ్ని మనమే ఇచ్చేశాం, అది ఏ కొలిమిలో కరిగిందో.

చట్టంలో దారి లేక కాదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో, బాగుచేసినా కాల్చడానికి వీలులేని పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉంది. కాకపోతే స్టేషన్ మెట్లు ఎక్కి ఆ సెక్షన్ నంబరు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? 2019 సవరణతో ఒకరికి మూడు తుపాకులున్న పరిమితి రెండుకి తగ్గింది, తాతల నాటివీ అందులోనే లెక్క. తుపాకులు తగ్గడం నాకు సంతోషమే. ఇండియాలో అమెరికా లాంటి తుపాకీ చట్టాలు కావాలని నేను కలలో కూడా కోరను. తగ్గించేటప్పుడు కాల్చకుండా చేసి ఉంచుకునే సులువైన దారి కూడా చూపించి ఉండాల్సింది, అంతే నా గొడవ.

మ్యూజియంల సంగతీ చెప్పాలి. సాలార్‌జంగ్‌లో ఔరంగజేబు కత్తి ఉంది, జహంగీర్ బాకు ఉంది. పిడుల మీద రత్నాలు చూడటానికి జనం క్యూ కడతారు. తప్పేం లేదు. కానీ నేను చూసిన ఏ మ్యూజియంలోనూ పోలీసు మస్కెట్ ఇలా బోల్టు తెరిచి, లోపలి చెక్క ముక్క కనపడేలా, ఇది ఎందుకు పెట్టారో రాసి పెట్టింది నాకు కనిపించలేదు. రాజుల కత్తుల కన్నా మన ముత్తాతల బతుకులకి దగ్గరగా వచ్చినది అదే కదా. పోలీసు ఆర్మరీల్లోంచి .303లు వెళ్లిపోతున్న రోజులివి. అన్నీ కరిగించే ముందు జిల్లాకి ఒకటి చొప్పున, గొట్టంలో ఉక్కు కడ్డీ బిగించి కాల్చే వీల్లేకుండా చేసి, ఉంచితే చాలు. చింతపల్లిలో ఒకటి, తెనాలిలో ఒకటి.

అలా పెడతామని అక్కడ ఏ మ్యూజియం వాళ్లయినా ముందుకొస్తే నా .410 ఇచ్చేస్తాను. ఇక్కడి ఎగుమతి అనుమతులు, అక్కడి దిగుమతి అనుమతులు, రెండువైపులా తిరుగుడు, ఖర్చు నేనే పడతాను. ఇక్కడే గొట్టం మూసేసి పంపమన్నా సరే. కర్రకి మాత్రం వార్నిష్ వెయ్యకూడదు, ఆ తిరగేసిన 7 మీద ఎవరూ శాండ్ పేపర్ పెట్టకూడదు. ఒప్పుకుంటేనే ఇస్తాను.